చదివేవాళ్ళు రెండో పేజీలో ఆగిపోతున్నారు: ఈ ఎత్తుగడలో తప్పెక్కడుంది?

చిన్నగట్టు (బెంగళూరు, బీటీఎం లేఅవుట్)

అందరికీ నమస్కారం. మూడు వేల మాటల కథ. భాష బాగుందంటున్నారు గానీ రెండో పేజీ దాటడం లేదు. ఎత్తుగడ, అంటే మొదటి పేరా, ఇది:

"తెల్లవారుజాము ఐదు గంటలు. బెంగళూరు నగరం ఇంకా నిద్ర లేవలేదు. చల్లటి గాలి మెల్లగా వీస్తోంది. నారాయణప్ప మెజెస్టిక్‌లో బస్సు దిగాడు. అతనికి అరవై రెండేళ్ళు. కదిరి దగ్గర ఒక పల్లెలో నాలుగెకరాల వేరుశనగ చేను ఉంది. భార్య చనిపోయి మూడేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు సురేష్ ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆర్నెల్లుగా ఇంటికి రాలేదు."

కథ సంగతి: తండ్రి చెప్పకుండా వస్తాడు. కొడుక్కి ఉద్యోగం పోయి మూడు నెలలైంది, అద్దె ఫ్లాటు కూడా ఖాళీ చేశాడు, ఇంట్లో చెప్పలేదు. పైగా ఫ్లాటు కొంటున్నానని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ కొనబోయే ఫ్లాటు కోసమే తండ్రి చేను అమ్మడానికి ఒప్పుకుని బయానా తీసుకున్నాడు. అది కొడుక్కి తెలియదు. సాయంత్రానికి రెండూ బయటపడతాయి. బయటపడే సన్నివేశం బాగా వచ్చింది, అక్కడిదాకా ఎవరూ రావడం లేదు.

మాంబళం మేడ (చెన్నై)

చిన్నగట్టు గారూ, మీ పేరాలో తొమ్మిది వాక్యాలున్నాయి. అందులో జరిగిన పని ఒకటే, "దిగాడు". మిగతా ఎనిమిదీ సమాచారం. పాఠకుడు ఇంకా అడగని ప్రశ్నలకు వరసగా జవాబులు ఇచ్చుకుంటూ పోయారు. వయసెంత, ఎన్నెకరాలు, భార్య ఉందా లేదా? ఇవేవీ ఆ క్షణంలో ఎవరికీ అక్కర్లేదు. అక్కర కలిగించే వాక్యం ఒకటే, "ఆర్నెల్లుగా ఇంటికి రాలేదు". దాన్ని తీసుకెళ్ళి అట్టడుగున పెట్టారు.

ఇలా చేసి చూడండి. కాగితం మీద నిలువు గీత గీయండి. ఎడమవైపు ఒక్కో సమాచారం ఒక్కో లైను. కుడివైపు, అది తెలుసుకోవాలని పాఠకుడికి ఏ క్షణంలో అనిపిస్తుందో రాయండి. భార్య పోయిన సంగతి ఎప్పుడు కావాలి? సంచిలో ఊరగాయ సీసా బదులు కొట్టులో కొన్న ప్యాకెట్టు బయటికి వచ్చినప్పుడు. అప్పుడు కొడుకు దాన్ని చూసి ఏమీ అనకుండా పక్కన పెడితే చాలు, "చనిపోయి మూడేళ్ళు" అనే వాక్యమే అక్కర్లేదు. నాలుగెకరాలు ఎప్పుడు కావాలి? బయానా మాట వచ్చినప్పుడు. వయసు కుడివైపు ఎక్కడా రాయలేకపోతారు. అది కొట్టేయండి.

జవాబు ఎప్పుడూ ప్రశ్న వెనకే నడవాలి. ఇది తెలుగు కథకు కొత్తేమీ కాదు. 1910లో గురజాడ 'దిద్దుబాటు' మొదలయ్యేది మూసిన తలుపు కొట్టడంతో. ఆ మనిషి ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, లోపల ఎవరున్నారు అన్నవి తలుపు తెరుచుకోలేదు కాబట్టే మనకు కావలసివస్తాయి. ముందు వంశవృక్షం చెప్పి తర్వాత తలుపు కొట్టించి ఉంటే ఆ తలుపుకు బలం ఉండేది కాదు.

ఊకొట్టేవాడు (బెంగళూరు, మారతహళ్ళి)

మేడ గారు చెప్పింది సరిగ్గా ఉంది. ఆగిపోయే చోటు కనిపెట్టే పద్ధతి ఒకటి చెబుతాను.

బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు ఇద్దరు ఉంటారు. వాళ్ళు తందాన తాన అనడానికే లేరు, మధ్యమధ్య కథకుణ్ణి ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న జనం నోట్లో ఉన్నదే అయి ఉంటుంది. మన కథకు వంత పక్కన ఉండడు కాబట్టి మనమే పెట్టుకోవాలి. కథను ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. వాళ్ళ చేతికి ప్రతి ఇవ్వొద్దు, ఊ కొట్టమనండి చాలు. మీ ప్రతి మీద మూడు గుర్తులు పెట్టుకోండి: మామూలుగా "ఊ" అన్నచోట చుక్క, "అయితే?" అన్నట్టు తల ఎత్తినచోట నిలువు గీత, "ఊ" ఆలస్యంగా వచ్చినచోట సున్నా. పేజీలో సున్నాలు వరసగా మూడు వస్తే అక్కడే చదివేవాళ్ళు ఆగిపోతున్నారు. కానీ తప్పు సాధారణంగా సున్నాల దగ్గర ఉండదు, వాటికి ముందు పేరాలో ఉంటుంది. అక్కడ ఒక ప్రశ్న తీరిపోయి, కొత్తది పుట్టకుండా వదిలేసి ఉంటారు.

రెండో పద్ధతి బేతాళుడిది. చందమామ పత్రిక 1947లో మద్రాసులో మొదలైంది. అందులో బేతాళ కథలు ఎన్ని సంవత్సరాలు నడిచాయో అందరికీ తెలిసిందే. కథ మధ్యలో ఎంత బాగున్నా చివర ప్రశ్న లేకపోతే విక్రమార్కుడు నోరు తెరవడు. మీ ప్రతి సన్నివేశం చివరా ఆగి, ఇక్కడ బేతాళుడు ఏం అడుగుతాడు అని రాసుకోండి. ప్రశ్నకు రెండు లక్షణాలు ఉండాలి. ఇంతవరకు ఇచ్చిన సంగతులతోనే జవాబు ఊహించగలగాలి. రెండు జవాబులకూ న్యాయం ఉండాలి. "కొడుకు ఎక్కడున్నాడు?" అన్నది ఒక జవాబుతో తీరిపోయే ప్రశ్న. "కొడుకు నిజం చెప్పాలా, తండ్రి బయానా వెనక్కిచ్చేదాకా దాచాలా?" అన్నదానికి రెండు వైపులా న్యాయం ఉంది. అలాంటిది కనీసం ఒకటి కథ మధ్యకల్లా పడాలి.

నీలిసిరా (చెన్నై, అన్నానగర్)

ఎత్తుగడ కంటే పెద్ద చిక్కు మీ కథలో ఇంకోటి ఉంది చిన్నగట్టు గారూ. రహస్యాలు రెండు, రెండూ పాఠకుడికి తెలియకుండా దాచి చివర ఒకేసారి విప్పుతున్నారు. అందుకే మధ్య పేజీలు ఖాళీగా ఉంటున్నాయి. తండ్రి వచ్చాడు, ఎదురుచూశాడు, కొడుకు కలిశాడు, హోటల్లో తిన్నారు. ఏ పనిలోనూ బరువు లేదు, ఎందుకంటే బరువంతా మీ దగ్గర తాళం వేసి పెట్టుకున్నారు.

హోటల్ సన్నివేశం తీసుకోండి. కొడుక్కి ఉద్యోగం లేదని పాఠకుడికి తెలియకపోతే, రెండు భోజనాలకు బిల్లు వచ్చింది, కొడుకు కట్టాడు అన్నది ఒట్టి సమాచారం. తెలిస్తే? కొడుకు మెనూలో కుడివైపు అంకెలు చూడటం, తనకు ఆకలి లేదనడం, తండ్రి ఇంకో స్వీటు చెప్పబోవడం, ఫోనులో చెల్లింపు మొదటిసారి పడకపోవడం, అన్నీ ఊపిరి బిగబట్టి చదివిస్తాయి. ఒక్క మాట కూడా మార్చకుండా అదే సన్నివేశం రెండు రకాలుగా చదివించుకుంటుంది. తేడా అంతా పాఠకుడికి ముందే తెలియడంలో ఉంది.

నా సలహా: కొడుకు రహస్యం మొదటి పేజీలోనే పాఠకుడికి ఇచ్చేయండి, తండ్రికి ఇవ్వకండి. తండ్రి రహస్యం మధ్యలో ఇవ్వండి, కొడుక్కి ఇవ్వకండి. అప్పుడు చివరి సన్నివేశానికి పాఠకుడు మాత్రమే రెండూ తెలిసినవాడుగా కూర్చుంటాడు. వాళ్ళిద్దరిలో ఎవరు ముందు నోరు విప్పుతారా అని చూస్తుంటాడు.

చిన్నగట్టు

నీలిసిరా గారూ, కొడుకు సంగతి మొదట్లోనే చెప్పేస్తే చివర్లో ఆశ్చర్యం పోదా?

నీలిసిరా

పోతుంది. పోవాలి కూడా. ఆశ్చర్యం ఒక వాక్యంలో అయిపోతుంది, మీరు నింపాల్సినవి మూడు వేల మాటలు. ఆ ఒక్క వాక్యం కోసం మిగతా రెండు వేల తొమ్మిది వందల తొంభై మాటల్ని పస్తు పెట్టకూడదు. అయినా ఆశ్చర్యం కావాలనుకుంటే సంగతిలో పెట్టకండి, మనిషి చేసే పనిలో పెట్టండి. ఉద్యోగం పోయిందని తెలిసిన తండ్రి కోప్పడతాడని అందరూ అనుకుంటారు. అతను అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, కొడుక్కని తెచ్చిన వేరుశనగ కాయల సంచి ఇచ్చేసి వస్తే?

పెన్నపక్కోడు (బెంగళూరు, కేఆర్ పురం)

అన్నా, ఊరి సంగతి, మాట సంగతి నేను చెప్తా.

మొదట, మెజెస్టిక్ వద్దు. బస్టాండులో దిగే కథలు మన దగ్గర లెక్కలేనన్ని. అక్కడ అడ్డం వచ్చేది ఏమీ లేదు, దిగినాడు, నడిచినాడు, అంతే. మనిషికి అడ్డు పడేచోట మొదలుపెట్టల్లా. ఈ కథలో ఆ చోటు అపార్ట్‌మెంట్ గేటు. లోపలికి పోనీరు. పేరు రాయమంటారు, ఫ్లాటు నంబరు అడుగుతారు, పైకి ఫోన్ చేస్తారు. పల్లెలో ఏ ఇంటికైనా నేరుగా పోయే మనిషికి అదే మొదటి దెబ్బ.

రెండోది వాచ్‌మన్. నువ్వు అతనితో తెలుగు మాట్లాడించినావా? బెంగళూరు అపార్ట్‌మెంట్ల గేట్లలో హిందీ మాట్లాడేవాళ్ళు శానామంది. కన్నడ మనిషిని పెడితే నారాయణప్పకు అర్థమైపోతుంది, కదిరి పక్కనే కర్ణాటక కదా. హిందీ మనిషిని పెడితే? "వో సాబ్ ఖాలీ కర్‌కే గయే, దో మహీనా హో గయా" అంటాడు. దాంట్లో నారాయణప్ప చెవికి అందేది ఒకే మాట: ఖాళీ. ఆ మాట మనకూ అదే, వాళ్ళకూ అదే. ఆయప్ప ఏమనుకుంటాడు? ఫ్లాటు ఖాళీగా ఉందంటున్నాడు, అబ్బోడు నైట్ డ్యూటీకి పోయి ఇంకా రాలేదేమో అనుకుని గేటు పక్కన కూర్చుంటాడు. పాఠకుడికి మాత్రం 'దో మహీనా' తెలుసు, ఖాళీ చేసి పోయి రెండు నెలలైందని. నీలిసిరా అక్క అడిగిన పని అక్కడే అయిపోతుంది, కథకుడు ఒక్క మాట వివరించకుండా.

మూడోది, అక్కడ్నుంచి ఫోను. "యాడుండావు నాయనా?" "ఫ్లాట్లోనే ఉండా నాయనా, ఇప్పుడే లేచినా." గేటు దగ్గర కూర్చుని తండ్రి ఆ మాట వినల్లా. ఆ ఒక్క మాటతో తండ్రికి కూడా సగం తెలుస్తుంది, మిగతా సగం రోజంతా.

మాంబళం మేడ

పెన్నపక్కోడు గారూ, ఆ "ఖాళీ" చాలా మంచి పట్టు. చిన్నగట్టు గారూ, ఒక జాగ్రత్త: ఆ హిందీ మాటకు పక్కన తెలుగు అర్థం పెట్టకండి. తర్వాతి వాక్యాల్లో అర్థం వాటంతటవే తేలాలి. ఆటోవాడు "మీటర్ మేలె ఇప్పత్తు కొడి" అంటే, వెంటనే నారాయణప్ప "ఇరవై ఎందుకప్పా ఎక్కువ?" అంటాడు. చదువరికి కన్నడం రాకపోయినా మాట అందింది, కథ ఆగలేదు. ఇతర భాషల మాటలు సన్నివేశానికి ఒకటి రెండు వాక్యాలు చాలు. అంతకంటే పెరిగితే చదువరి కథ వదిలి పజిల్ నింపడం మొదలుపెడతాడు.

మాండలికం కూడా అంతే. కథకుడి భాష, పాత్రల భాష రెండింటినీ సీమ మాటలో పెడితే పెట్టండి, లేదా పాత్రలకే పెట్టండి, కానీ పేజీ పేజీకీ మారకూడదు. నాలుగైదు రూపాలు ఎంచుకుని అట్ట మీద రాసుకోండి: యాడ, ఉండా, చేసినావు, పోవల్లా, శానా. ఆ మనిషి మొదటి పేజీలో "యాడ" అని నాలుగో పేజీలో "ఎక్కడ" అంటే పాత్ర మారినట్టే.

పెన్నపక్కోడు

కొడుకు మాటలో మార్పు రావచ్చు మేడమ్, అది తప్పు కాదు. సురేష్ ఆఫీసు వాళ్ళతో "ఉన్నాను" అంటాడు, నాన్నతో "ఉండా" అంటాడు. అబద్ధం చెప్పేటప్పుడు నాన్నతో కూడా "ఉన్నాను" అని జారితే, తండ్రి చెవి పట్టేస్తుంది. అది వాడుకోవచ్చు.

మాంబళం మేడ

ఒప్పుకుంటున్నాను. అలాంటి మార్పు కావాలని చేసినదని తెలియాలంటే కథలో ఒక్కసారే జరగాలి, ఆ ఒక్కసారీ ఎవరో ఒకరు గమనించాలి.

రాతప్రతి (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

ఇంతవరకు కథ కట్టుబడి మాట్లాడారు. నేను వాక్యం గురించి మాట్లాడతాను, ఎందుకంటే తెలుగు వాక్యానికి ఉన్న సదుపాయాలు మనం సగం కూడా వాడుకోవడం లేదు.

ఒకటి. తెలుగులో క్రియ చివర వస్తుంది, దానికి సరిగ్గా ముందున్న మాట మీద ఊనిక పడుతుంది. "పాలిథీన్ కవరు సంచి అడుగున ఉంది" అంటే 'అడుగున' మోగుతుంది. "సంచి అడుగున పాలిథీన్ కవరు ఉంది" అంటే 'కవరు' మోగుతుంది. పాఠకుడి కన్ను ఎక్కడ ఆగాలో ఆ మాటను క్రియ పక్కకు తేవాలి. క్రియ తర్వాత మాట వేలాడదీయడం ("ఉంది, సంచి అడుగున") బలమైన పనిముట్టే, కానీ పేజీకి రెండోసారి వాడితే ఒట్టి అలవాటులా వినిపిస్తుంది.

రెండు. 'లేచి, కడుక్కుని, తిని, తాళం వేసి, బయల్దేరాడు' లాంటి గొలుసులు. అసమాపక క్రియలు ఎంత పేరిస్తే కాలం అంత వేగంగా జారుతుంది. పూర్తి క్రియ పడ్డచోటల్లా కాలం ఆగుతుంది. కాబట్టి దాటవేయాల్సిన ప్రయాణం గొలుసులో పెట్టండి: "రాత్రి కదిరిలో ఎక్కి, సగం దారి నిలబడి, సగం దారి సంచి మీద కూర్చుని వచ్చాడు." అయిపోయింది ప్రయాణం. చూపించాల్సిన క్షణం మాత్రం చిన్న వాక్యాలు, ఒక్కోదానికి ఒక్కో పూర్తి క్రియ: "ఫోను తీశాడు. అంకె నొక్కాడు. మోగింది." మీ ప్రతిలో దీనికి తిరగేసి ఉంటుంది. ముఖ్యమైన గొడవ గొలుసులో, వాతావరణం చిన్న వాక్యాల్లో. "ఐదు గంటలు. నిద్ర లేవలేదు. గాలి వీస్తోంది." మూడుసార్లు ఆపారు, ఆగి చూడ్డానికి అక్కడేమీ లేదు.

మూడు. కర్త లేకుండా తెలుగు వాక్యం నడుస్తుంది. 'వచ్చాడు' అంటే చాలు. ప్రతి వాక్యం 'అతను'తో మొదలైతే చదివేవాడి చెవి మొద్దుబారుతుంది. ఒక సన్నివేశంలో మగ పాత్ర ఒకటే ఉంటే పేరు ఒకసారి చెప్పి వదిలేయవచ్చు. ఇద్దరు మగవాళ్ళుంటే మాత్రం, ఎవరు మాట్లాడుతున్నారో ప్రతి నాలుగు మాటలకోసారి తేలాలి. స్త్రీ పాత్రల దగ్గర ఇంకో చిక్కు: 'వచ్చింది' అన్నది ఆమె కావచ్చు, బస్సు కావచ్చు, పిల్లి కావచ్చు. కావాలని మసక పెట్టాలంటే వరం, పొరపాటున అయితే పాఠకుడు వెనక్కి వెళ్ళి వెతుక్కుంటాడు.

నాలుగు, కథకుడు పాత్రను ఏమని పిలుస్తాడు? వాడు, అతను, ఆయన అన్న మూడు మాటలతో మూడు దూరాలు ఏర్పడతాయి. మొదటి వాక్యంలో "అతను" అంటే చివరిదాకా అదే. మధ్యలో "ఆయన" అయితే కథకుడి మనసు మారినట్టు. మాట్లాడుకునేటప్పుడైతే మార్పే కథ. భార్యాభర్తల మధ్య 'నువ్వు' హఠాత్తుగా 'మీరు' అయిందంటే ఇంట్లో ఏమైందో చెప్పక్కర్లేదు.

వారంవారం (చెన్నై, పెరంబూరు)

రాతప్రతి గారూ, దయచేసి ఒక సందేహం. ఉత్తమ పురుషలో రాయాలా, ప్రథమ పురుషలో రాయాలా ఈ కథ? కొత్తగా రాసేవాళ్ళు చాలామంది 'ప్రథమ పురుష' అంటే 'నేను' అనుకుంటున్నారు కాబట్టి స్పష్టంగా చెప్పండి.

రాతప్రతి

మన వ్యాకరణంలో 'నేను' ఉత్తమ పురుష, 'నువ్వు' మధ్యమ పురుష, 'అతను, ఆమె' ప్రథమ పురుష. ఈ కథకు ప్రథమ పురుషే. అయితే అసలు ప్రశ్న అది కాదు, చూపు ఎవరి తలలోంచి అన్నది. ఇక్కడ న్యాయం తప్పే ప్రమాదం ఉంది. కథ నారాయణప్ప తలలోంచి నడుస్తుంటే, పొద్దుటి నుంచీ ఆయన మనసంతా బయానా మీదే ఉండాలి. ఆయన ఆలోచనలన్నీ చెబుతూ అదొక్కటే దాచిపెడితే చివర పాఠకుడు మోసపోయానంటాడు. నిజంగా మోసమే.

నీలిసిరా

అవును. దానికి మూడు దారులున్నాయి. తండ్రి తలలోకి వెళ్ళకుండా బయటినుంచి చూపించడం. లేదా రెండో సన్నివేశం నుంచి కొడుకు చూపుకు మారడం, మారినచోట ఒక లైను ఖాళీ వదిలి, మొదటి వాక్యంలోనే ఎవరి చూపో తేల్చేయడం. లేదా బయానా సంగతి చెప్పేసి, ఎందుకు తీసుకున్నాడన్నది మాత్రం ఆపడం. ఈ మూడోదే నాకు ఇష్టం. మనిషి తను చేసిన పని గురించి తలుచుకుంటాడు, కారణాన్ని రోజూ తనకు తాను వివరించుకోడు. కాబట్టి కారణం ఆగితే మోసం కాదు. బయానా ఎంత, మిగతా డబ్బు ఎప్పుడు వస్తుంది, రిజిస్ట్రేషన్ ఏ రోజు అన్నవి ఇవ్వండి. "శుక్రవారం రిజిస్ట్రేషన్" అన్న ఒక్క మాట చాలు. ఈరోజు బుధవారం అయితే గడియారం నడవడం మొదలవుతుంది.

ఆ బయానా కాగితాన్ని కథలో ముందే ఎలా నాటాలో కూడా చెబుతాను. మొదటిసారి జాబితా మధ్యలో పెట్టండి: "సంచిలో ఐదు కిలోల కాయలు, తువ్వాలు, పాలిథీన్ కవరులో చుట్టిన కాగితాలు, ఊరగాయ ప్యాకెట్టు, సురేష్ పాత చెప్పుల జత." జాబితాలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యది కన్ను దాటిపోతుంది. ఇక్కడ చెప్పులు గుర్తుంటాయి, ఎందుకంటే అవి విచిత్రం. రెండోసారి కాగితం ఒక చిన్న పనికి అడ్డం రావాలి. వాచ్‌మన్ గుర్తింపు కార్డు అడిగితే ఆధార్ కోసం వెతుకుతూ ఆ కవరు పైకి తీసి, చటుక్కున మళ్ళీ లోపల పెడతాడు. మూడోసారి విప్పుతాడు. రెండోసారి లేకుండా విప్పితే ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టుంటుంది. నాలుగుసార్లు చూపిస్తే పాఠకుడు మీకంటే ముందే విప్పేస్తాడు.

ఊకొట్టేవాడు

నీలిసిరా గారూ, ఒకచోట నాకు వేరే అభిప్రాయం. కాలం గడువు, రహస్యాలు, నాటడాలు అన్నీ కలిసి కథను యంత్రం చేసేయకూడదు. చిన్నగట్టు గారి మొదటి పేరాలో చల్లగాలి నచ్చినవాళ్ళు ఉండొచ్చు. వాతావరణం మొత్తం తీసేస్తే అది గేటు దగ్గర కెమెరా రికార్డింగులా ఉంటుంది.

నీలిసిరా

తీసేయమనడం లేదు, పని చేయించమంటున్నాను. "చల్లటి గాలి మెల్లగా వీస్తోంది" అన్నది ఏ ఊరికైనా, ఏ మనిషికైనా సరిపోతుంది. అదే గాలి కొడుకు నిన్న ఫోనులో "బాల్కనీలో ఉండా, చెరువు మీంచి గాలొస్తా ఉంది" అన్న మాటలోకి వస్తే అది బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు గాలి, పైగా అబద్ధపు గాలి. తండ్రి గేటు దగ్గర అదే గాలి పీల్చాలి. వాతావరణం అప్పుడు సాక్ష్యం అవుతుంది.

వివరం కూడా అంతే. "వేరుశనగ" అంటే అందరికీ తెలిసింది. "కదిరి ఆరు రకం" అంటే ఆ రైతు నోటి మాట. కానీ ఇలాంటి వివరం పేరాకు ఒకటి చాలు, అది కూడా ఆ పాత్ర గమనించేదే అయి ఉండాలి. నారాయణప్ప లిఫ్టు కంపెనీ పేరు చూడడు, అపార్ట్‌మెంట్ తోటలో నీళ్ళు వృథాగా పోతున్న పైపు చూస్తాడు.

ఊకొట్టేవాడు

అలా అయితే నాకు సమ్మతమే. ఆ పైపు చాలా బాగుంది.

వారంవారం

ఇదే కథ సీరియల్‌గా వేయాలంటే ఎక్కడ తెంచాలి? ప్రతిలిపిలాంటి కథల యాప్‌లో భాగాలుగా పెట్టేవాళ్ళకు పనికొస్తుంది.

రాతప్రతి

భాగం చివర తలుపు చప్పుడు, ఫోను మోత, స్పృహ తప్పడం పెట్టి తెంచితే ఒకటి రెండుసార్లు నడుస్తుంది. వచ్చే భాగం మొదట్లో "పాలవాడు" అని తేలిందంటే ఆ నమ్మకం మళ్ళీ రాదు. ప్రమాదం మీద కాకుండా నిర్ణయం మీద తెంచండి. పాత్ర వెనక్కి తీసుకోలేని మాట అనేసిన క్షణం, ఎదుటివాళ్ళ జవాబుకు ముందు. ఈ కథలో అయితే "ఫ్లాట్లోనే ఉండా నాయనా" దగ్గర తెంచాలి. తండ్రి ఏమన్నాడో వచ్చే భాగంలో. భాగం వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు ఉంటే ఫోనులో చదివేవాళ్ళు ఒక్కసారి కూర్చుని చదవడానికి సరిపోతుంది. వెనకటి భాగం సారాంశం పెట్టకండి. కొత్త భాగం మొదటి రెండు మూడు వాక్యాల్లో పాత్ర పేరు, చోటు, తెగిన దారం వస్తే చాలు.

మాంబళం మేడ

ఇక దిద్దుబాటు దశకు కొన్ని. ఫైలులో 'ంగా' అని వెతకండి. కోపంగా, విచారంగా, ఆశ్చర్యంగా, మౌనంగా... మూడు వేల మాటల్లో ఇరవై దాటితే సగం తీసేయండి. తీసినచోట అన్నిసార్లూ ఇంకో మాట పెట్టక్కర్లేదు. సంభాషణ బాగుంటే కోపం అందులోనే ఉంటుంది. తర్వాత 'ఒక' వెతకండి. "ఒక పల్లెలో", "ఒక చిన్న సంచి", "ఒక మనిషి". లెక్క చెప్పడానికి తప్ప తెలుగులో చాలాచోట్ల అది అక్కర్లేదు. 'అనిపించింది', 'కనిపించింది', 'వినిపించింది' కూడా వెతకండి. "పైపులోంచి నీళ్ళు కారుతూ కనిపించాయి" కంటే "పైపులోంచి నీళ్ళు కారుతున్నాయి" దగ్గరగా ఉంటుంది. మాట చివర 'అన్నాడు' చాలు. వాపోయాడు, గద్దించాడు, నిట్టూర్చాడు అని రంగులు మారుస్తుంటే కన్ను మాట మీంచి క్రియ మీదికి పోతుంది.

పొడవు సంగతి. గేటు ఐదు వందల మాటలు, ఫోను మూడు వందలు, కలవడం ఆరు వందలు, హోటల్ ఏడు వందలు, బస్టాండు ఆరు వందలు. మిగిలిన మూడు వందలు చేతిలో ఉంచుకోండి. హోటల్‌కే ఎక్కువ ఎందుకంటే రెండు రహస్యాలూ ఒకే బల్ల మీద ఉండేది అక్కడే.

ముగింపులో మాత్రం ఒక్క పని చేయండి. చివరి పేరా కొట్టేసి చదివి చూడండి. కథ నిలబడితే ఆ పేరా అక్కర్లేదు.

చిన్నగట్టు

అందరికీ చాలా కృతజ్ఞతలు. తిరగరాసిన ఎత్తుగడ ఇది, చూసి చెప్పండి:

"'వో సాబ్ ఖాలీ కర్‌కే గయే. దో మహీనా హో గయా.'

వాచ్‌మన్ మాటల్లో నారాయణప్పకు అందింది ఒక్కటే, ఖాళీ. అబ్బోడు నైట్ డ్యూటీకి పోయి ఇంకా వచ్చినట్టు లేదు. తల ఊపి, చీటీ మడిచి, గేటు పక్కన గట్టు మీద సంచి దించాడు. కదిరి ఆరు కాయలు, ఐదు కిలోలు. రాత్రి బస్సు ఎక్కినప్పుడు ఇంత బరువు లేవు.

తోటలో పైపు వదిలేసి ఉంది. నీళ్ళు మట్టి దాటి సిమెంటు మీదికి పారుతున్నాయి. చుట్టూ చూసి, ఎవరూ రాకపోతే, తనే వెళ్ళి కట్టాడు.

చెరువు మీంచి గాలొచ్చింది. నిన్న రాత్రి సురేష్ చెప్పిన గాలి మాత్రం ఇదే. ఫోను తీశాడు. అంకె నొక్కాడు. మోగింది.

'యాడుండావు నాయనా?'"

పెన్నపక్కోడు

అన్నా, పైపు కట్టడం శానా బాగుంది. ఆయప్ప ఎవరో దాంట్లోనే వచ్చేసింది, నాలుగెకరాలు చెప్పే పని లేదు.

రాతప్రతి

బాగా వచ్చింది. రెండు సవరణలు. "చుట్టూ చూసి, ఎవరూ రాకపోతే" దగ్గర గొలుసు పెట్టారు, అది ఆగాల్సిన చోటు. "చుట్టూ చూశాడు. ఎవరూ రాలేదు. వెళ్ళి కట్టాడు." అని విడదీయండి. రెండోది, "నిన్న రాత్రి సురేష్ చెప్పిన గాలి మాత్రం ఇదే"లో 'మాత్రం' తీసేయండి. ఆ మాట వల్ల తండ్రికి అప్పుడే అనుమానం ఉన్నట్టు వినిపిస్తోంది. అనుమానం ఫోను తర్వాతే మొదలవ్వాలి.

మాంబళం మేడ

"తల ఊపి" కూడా చూడండి. అర్థం కాని మాటకు తల ఎందుకు ఊపాడో హోటల్ సన్నివేశంలో పనికొస్తుంది. కొడుకు అబద్ధం చెబుతున్నప్పుడు అక్కడ కూడా సరిగ్గా అలాగే తల ఊపించండి.